గంగామణి పాతర తెరిచిన నాడు

ఆర్మూరు పోయొచ్చానని చెప్పగానే మా ఊళ్లో అందరూ అడిగిన మొదటి మాట, పసుపు తెచ్చినావా అని. తెచ్చాను. రెండు కిలోల కొమ్ములు తెచ్చి ఇరుగుపొరుగుకు పంచేశాను కూడా. కానీ నేను పోయింది పసుపు కోసం కాదు, కోళ్ల పెంట కోసం. ఆ మాట అనగానే మా ఆడపడుచు కొంగుతో ముక్కు మూసుకుంది. అందుకే నోటితో చెప్పడం మానేసి కాగితం మీద పెడుతున్నాను. రాతకు వాసన ఉండదు కదా.

మాది కదిరి దగ్గర ఒక పల్లె. మూడు ఆవులు, రెండు పెయ్యలు. వాన పడిన ఏడు చెనక్కాయ కట్టె వామి ఇంటికంటే ఎత్తు లేస్తుంది. పడని ఏడు శివరాత్రికే అడుగు కనిపిస్తుంది. పశువులున్న ఆడవాళ్లం కొందరం ఫోన్లో ఒక గ్రూపుగా ఉన్నాం. ఏ జిల్లా, ఏ యాస అనే పట్టింపు లేదు. ఈనింది, ఈనలేదు, మాయ పడింది, పడలేదు, ఇవే ముచ్చట్లు. అందులో ఒకరోజు ఒక గొంతు అడిగింది. పచ్చి మక్క, అంటే మన మొక్కజొన్న, నరికి, కోళ్ల ఎరువు కలిపి, గుంతలో పాతరేసి మాగబెడితే పశువు తింటుందట, ఎవరైనా చేశారా అని.

నాకు ఒళ్లు మండింది. గోమాత నోటికి పెంటా అని నోటికొచ్చినట్టు తిట్టి పంపాను. అటునుంచి జవాబు వచ్చింది: "తిట్టున్రి అక్కా, ఏం గాదు. తెలిస్తే జర చెప్పున్రి." అంతే. నాకు సిగ్గేసింది. తప్పైందని చెప్పడానికి ఫోన్ చేశాను, చెప్పి పెట్టేద్దామనుకున్నాను, గంటన్నర మాట్లాడాను. ఆమే గంగామణి. అప్పటినుంచి ఏడాదిగా రోజూ మాట్లాడుకుంటున్నాం. (పేర్లు మార్చి రాస్తున్నాను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.)

గంగామణి ఊరుకోలేదు. పశువుల డాక్టరును అడిగింది, నేర్చుకుంది, మక్క పాలకంకి మీద ఉండగా కోసి ముక్కలు చేసి, ఆరు తట్టల మక్కకు ఒక తట్ట కోళ్ల ఎరువు, బెల్లం నీళ్ల చిలకరింపు, పొరమీద పొర, తొక్కి తొక్కి గుంత నింపింది. పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, మట్టి పూసి మూసింది. లోపలికి చీమ ఊపిరంత గాలి కూడా పోకూడదు. గాలి తగలకపోతే ఊరగాయలా మాగుతుంది, తగిలితే కుళ్లుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. ఏడు వారాలయ్యాక మార్చిలో, పాతర తెరుస్తున్నా రమ్మని పిలిచింది. ఆ పిలుపులో సంబరం కంటే భయమే ఎక్కువ వినిపించింది. ఆ పాతర చెడితే ఇంట్లో ఉన్న రెండు పడ్డలను, ఇంకా ఈనని బర్రెలను, అంగడికి తోలాలి. ఆమె భర్త భూమన్న పెట్టిన షరతు అది.

బస్టాండు దగ్గర అయస్కాంతం

రైళ్ల బాధ, బస్సుల బాధ రాయను. ఆర్మూరులో దిగేసరికి బారెడు పొద్దెక్కింది. ఊరి నెత్తిన గుట్ట, దాని మీద పెద్ద పెద్ద బండలు, ఎవరో పేరుస్తూ పేరుస్తూ అన్నానికి పిలిస్తే వదిలేసి పోయినట్టున్నాయి. వాటిని చూస్తూ నిలబడితే ఒక తెల్లగడ్డం పెద్దమనిషి వచ్చి, గంగామణి వాళ్లింటికే కదా అన్నాడు. ఎట్లా గుర్తుపట్టావని అడిగితే కాసేపు నీళ్లు నమిలి, చేతుల్లో రెండు సంచులు, మొహంలో కోపం ఉంటే ఆమేనని గంగామణి చెప్పి పంపిందని ఒప్పుకున్నాడు. ఆయన యూసుఫ్ భాయ్. మూడు చక్రాల ట్రాలీ బండి ఉంది. కోళ్ల షెడ్ల నుంచి ఎరువు తోలడమే పని. గంగామణి పాతరకు ఎరువు తోలింది ఆయనే.

ముందు చాయ్ తాగించాడు. పది రూపాయలకు చిన్న కప్పు, చిక్కగా, పెదాలు అతుక్కునేంత తీపి. మా కదిరిలో అదే పదికి గ్లాసు నిండా వస్తుంది గానీ అందులో పాలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. నా సంచులు ఆయన వెనక ట్రాలీలో వేశాడు. నేను వద్దనలేదు. ఆ తప్పు ఫలితం తర్వాత అనుభవించాను.

దారంతా నేను అడగడం, ఆయన చెప్పడం. కూరకోళ్ల షెడ్డులో కింద ఊక పరుస్తారు. కోళ్లను అమ్మేశాక ఆ ఊక, రెట్టా కలిసి పొడిగా అయిన ఎరువే పాతరకు పనికొస్తుంది. తడిసింది పనికిరాదు. అందులో ఒక్క చచ్చిన కోడిపిల్ల కనిపించినా మొత్తం బండి పొలానికే తోలేస్తాడట, పశువుకు ఇవ్వడట. జల్లెడ పట్టి, పాత లౌడ్‌స్పీకర్ అయస్కాంతం ఒకటి కర్రకు కట్టి అంతా కలియదిప్పుతాడు. డ్రైవరు సీటు కింద నుంచి ఒక డబ్బా తీసి చూపించాడు. నిండా తీగముక్కలు, మొలలు, ఒక సూది.

ఇంత జాగ్రత్త ఎందుకు నేర్చుకున్నావన్నాను. మొదట్లో తెలియక తన గొర్రెలకే ఈ ఎరువు కలిపిన దాణా పెట్టాడట. రెండు పోయాయి. కోళ్ల దాణాలో రాగి ఉంటుంది, బర్రె ఓర్చుకుంటుంది, గొర్రె కాలేయం ఓర్చుకోదని డాక్టరు తర్వాత చెప్పాడు. పాలిచ్చే బర్రెకు కూడా పెట్టొద్దన్నాడు. అందుకే గంగామణి పాడిబర్రెకు వరిగడ్డి, తవుడు; పాతర మాత్రం పడ్డలకు.

"నోరులేని జీవి అడగదు గదక్కా, గిది ఏడికెల్లి తెచ్చినవని," అన్నాడు యూసుఫ్ భాయ్. "గందుకె మనమే అడగాలె."

నేను గ్రూపులో తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. నోరు మూసుకుని కూచున్నాను. నా విషయంలో అది అరుదు.

పసుపు ఆరే ఊరు

ఆర్మూరు నుంచి మాక్లూర్ వైపు పోయే దారిలో ఎక్కడ చూసినా పసుపే. ఉడకబెట్టిన కొమ్ములు చదును చేసిన కళ్లాల్లో ఆరుతుంటాయి. డ్రమ్ముల నుంచి ఆవిరి లేస్తుంటుంది. వంటింట్లో పసుపు వాసనకు, ఇక్కడి వాసనకు పొంతన లేదు. ఇది తడిమట్టి, మామిడల్లం కలిసిన వాసన. గొంతులో దిగి కూచుంటుంది. భూమన్న ఈ కాలమంతా ఇంట్లో ఉండడు. ఉడకబెట్టే డ్రమ్ము ట్రాక్టరుకు తగిలించుకుని భీమ్‌గల్ వైపు ఊళ్లన్నీ తిరుగుతుంటాడు.

గంగామణి వాకిట్లో నిలబడి ఉంది. గొంతు విని పొడుగు మనిషి అనుకున్నాను. నా భుజం దాకా కూడా లేదు. ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుకున్న ఇద్దరికీ ఎదురుపడేసరికి మాట పడిపోయింది. ఏం చెయ్యాలో తెలియక నేను నా చెప్పులు చూసుకున్నాను, ఆమె తన చెప్పులు చూసుకుంది. చివరికి, "లోపటికి పోయి ఫోన్ చెయ్యమంటవా అక్కా?" అంది. ఇద్దరం నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు తెచ్చుకున్నాం. ఆ తర్వాత ఇంక మాట ఆగలేదు.

ఆమె అత్త రాజవ్వ అరుగు మీద చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఈ జిల్లాలో ఆడవాళ్ల చేతులకు ఖాళీ అంటే బీడీ చుట్టడమే. డెబ్బై దాటి ఉంటుంది, వేళ్లు మాత్రం పదహారేళ్లవి. నేను అలవాటుగా అవ్వా అని పిలిచాను. మా వైపు అవ్వ అంటే నాయనమ్మ. ఇక్కడ అమ్మ. ఆ సంగతి గంగామణి చెప్పాక నాలుక కరుచుకున్నాను. రాజవ్వ మాత్రం, అట్లనే పిలువు బిడ్డా అని తల నిమిరింది.

పడ్డలను చూపించడానికి ఆమే తీసుకుపోయింది. చుక్కకు నుదుట తెల్ల మచ్చ. లచ్చి మొండిది. రెండూ ఈ కొట్టంలోనే పుట్టాయి. చుక్క తల్లి ఈనిన వారానికే పోతే, రాజవ్వ సీసాతో పాలు పట్టి పెంచింది. ఇప్పుడు రెండూ చూలు కట్టే వయసుకు వచ్చాయి, ఇంకో రెండేళ్లు నిలబెట్టుకుంటే ఇంటికి పాడి. కానీ బోరు సన్నబడింది. వానలు పడేదాకా పచ్చిపోచ దొరకదు. బేరగాడు ముందే వచ్చి వాటి వీపులు తట్టి, తోకలు ఎత్తి చూసి పోయాడట. రాజవ్వ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. అది ఆమె జీవితంలో మొదటిసారి అని గంగామణి చెప్పింది.

అంకాపూర్‌లో కోడి

మర్నాడు పొద్దున సంచి విప్పితే నా చీరలన్నీ ట్రాలీ వాసన. గుప్పున. రాజవ్వ ఏమీ అనకుండా అన్నీ పిండి ఆరేసి, తన చీర తెచ్చి ఇచ్చింది. దానికి బీడీ ఆకు వాసన. సరే, ఏదో ఒక వాసన తప్పదనుకుని కట్టుకున్నాను.

ఆ చీరలోనే గంగామణి నన్ను అంకాపూర్ తీసుకుపోయింది. విత్తన పంటలకు పేరున్న ఊరు. ఇళ్లు చూస్తే పల్లె అనిపించదు. రోడ్డు పొడవునా ఎర్రజొన్న కంకులు ఆరబోశారు. ఈ జొన్న ఇక్కడివాళ్లు తినేది కాదు. గడ్డి విత్తనంగా ఉత్తరాదికి పోతుంది. ఎక్కడో పశువులకు గడ్డి మొలిపించే నేలలో, తమ పశువుకు ఎండాకాలం పచ్చిపోచ లేదు. ఆ మాటే గంగామణితో అంటే, "చెప్పులు కుట్టేటోని కాళ్లకు చెప్పులుంటయా అక్కా?" అంది.

అంకాపూర్ పోయి కోడికూర తినకుండా వస్తే పోయినట్టే కాదట. నాటుకోడిని కోడి లెక్కన వండి, అన్నంతో కలిపి ఇస్తారు. ఎనిమిది వందలు. ముందు గుండె ఝల్లుమంది గానీ, నలుగురికి సరిపోయేంత వచ్చింది. కారం మా సీమవాళ్లదే అనుకునేదాన్ని. రెండో ముద్దకే ఆ గర్వం దిగిపోయింది. ముక్కు, కళ్లు, చెవులు అన్నీ కారాయి. గంగామణి మజ్జిగ అందిస్తూ, మనం కోడిని తింటిమి, పడ్డలు దాని పెంట తింటాయి, దేవుడు ఏదీ వృథా పోనియ్యడు అంది. మిగిలిన కూర రాజవ్వకు కట్టించుకున్నాం.

తిరిగి వస్తుంటే గంగామణి ఒక్కసారిగా నా వైపు తిరిగింది. రేపు పాతర తెరిస్తే నల్లగా ఉంటే ఏం చెయ్యాలక్కా అని అడిగింది. చెయ్యి పట్టుకున్నాను.

విత్తనం దాచే తీరు

ఇంటికొచ్చేసరికి రాజవ్వ వెనక పంచలో విత్తన పసుపు దాస్తోంది. ఇది నేను ఎన్నడూ చూడలేదు. వచ్చే ఏడు నాటడానికి మంచి దుంపలు ఏరి, నీడలో గుండ్రంగా కుప్ప పోసింది. పైన పసుపు ఆకులు దళసరిగా కప్పి, పేడ కలిపిన మట్టితో మెత్తింది. పిల్లకు నూనె రాసినంత నిదానంగా మెత్తింది. చివర నడినెత్తిన మూరెడు వెదురు బొంగు గుచ్చి, దాని చుట్టూ మట్టి అదిమింది.

బొంగు ఎందుకవ్వా అన్నాను.

"గాలి లేకుంటె బిగబట్టి సస్తది బిడ్డా. విత్తనమంటె పానమున్నది గదా," అంది. అరవై ఏళ్లుగా ఇట్లాగే దాస్తోందట. పెళ్లై వచ్చిన ఏడు ఆమె అత్త నేర్పింది. ఒక్క ఏడు కూడా విత్తనం చెడలేదు.

నేను మెచ్చుకున్నాను. ఆ పూటకు అంతకుమించి నాకేం తోచలేదు.

రాత్రికి మక్క గట్క వండింది. మా రాగి సంగటికి పిన్నికూతురు లాంటిది. సంగటి ముద్దగా నిలబడుతుంది, గట్క పళ్లెంలో పరుచుకుంటుంది. అందులో మజ్జిగ, పచ్చిపులుసు పోసుకుని తిన్నాం. గంగామణి నాలుగు ముద్దలకే లేచిపోయింది.

పాతర

పాతర దొడ్డి చివర ఉంది. రెండు మంచాలు పక్కపక్కన వేసినంత వెడల్పు, ఛాతీ లోతు. మట్టి మీద ఎండ తగలకుండా చొప్ప కట్టలు పరిచారు. తెల్లారగానే రాజవ్వ కొబ్బరికాయ, పసుపు కుంకుమ సర్దింది. తీరా చూస్తే కర్పూరం లేదు. తెస్తా, ముట్టకున్రి అని చెప్పి పక్క వీధికి పోయింది.

గంగామణి ఆగలేకపోయింది. కొంచెం చూస్తానక్కా, కొంచెమే అంటూ తూర్పు మూల చొప్ప కట్ట ఒకటి లాగింది. దాని కింద, మట్టిలోంచి, పట్టాలోంచి, ఒక వెదురు బొంగు నాలుగు వేళ్లు పైకి లేచి ఉంది. చుట్టూ పేడమట్టి నున్నగా అదిమి ఉంది.

నేను నిన్న చూసిందే. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

గంగామణి ఆ మూల పట్టా లేపింది. ముందు వేడి కొట్టింది. తర్వాత కంపు. కోళ్ల పెంట కంపు కాదు, చచ్చినదాని కంపు. మక్కంతా నల్లటి ముద్ద, పైన తెల్ల బూజు. చేతులతో తవ్వింది. ఎంత తవ్వినా నల్లగానే వస్తోంది. బొంగు పీకి ఎత్తి పట్టుకుంది. దాని అడుగున ఏళ్లనాటి పసుపు మరక.

"ముసల్ది ముంచింది," అంది గంగామణి. "నిండా ముంచింది నన్ను."

కింద కూలబడింది. అంత కోపం ఆమెలో ఉంటుందని నేననుకోలేదు. బొంగును నేలకేసి కొట్టింది. విరగలేదు. మళ్లీ కొట్టింది. తర్వాత ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. రాజవ్వ రోజూ ఈ మూలకొచ్చి కూచునేదట. మొక్కుతోందనుకుందట. బొంగులో గడ్డి దూరిందేమోనని చూసుకునేది కాబోలు. పడ్డల తిండి లోపల ఉక్కిరిబిక్కిరవుతుందని, దానికి ఊపిరి పెట్టింది ఆమె. గాలి తగలొద్దని కోడలు వందసార్లు చెప్పింది. అరవై ఏళ్ల చేతికి ఆ మాట ఎక్కలేదు.

దొడ్డి తలుపు కిర్రుమంది. రాజవ్వ వస్తోంది, గుప్పిట్లో కర్పూరం బిళ్ల పట్టుకుని.

గంగామణి కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ బొంగును చొప్ప కట్టల కిందికి తోసేసింది. నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "నీ కాల్మొక్త అక్కా, చెప్పకు. తెలిస్తె సచ్చిపోతది," అంది. అప్పటిదాకా తిట్టిన మనిషి, ఆ పది అడుగుల దూరం రాజవ్వ నడిచే లోపల మారిపోయింది.

"పందికొక్కు బొక్క చేసిందత్తా. గీ మూలంత పోయింది."

రాజవ్వ ఆ నల్లటి ముద్ద వైపు చాలాసేపు చూసింది. పందికొక్కా అంది. వంగి కర్పూరం వెలిగించింది. కొబ్బరికాయ రెండో దెబ్బకు పగిలింది.

ఆ తర్వాత పడమటి వైపు తెరిచాం. పట్టా లేపగానే గంగామణి కళ్లు మూసుకుంది. వాసన ముందు నా ముక్కుకే వచ్చింది. పులిసిన దోసెపిండి, అందులో కొంచెం బెల్లం, ఒక చుక్క కల్లు. అంతే. పెంట వాసన ఎటు పోయిందో పోయింది. రంగు ఊరిన మాగాయ రంగు. పిడికిట పట్టి వదిలితే ముద్ద మెల్లగా విడిపోయింది. ఏడాది క్రితం దీన్నే నేను తిట్టింది. గుప్పెడు ముక్కు దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ వాసన చూశాను. గంగామణి, బాగుందా అక్కా, బాగుందా అని కళ్లు మూసుకునే అడుగుతోంది. బాగుందమ్మా, తెరిచి చూడు అన్నాను.

మిగిలింది

చెడినదాంట్లో ఒక్క పోచ కూడా మంచిదాంట్లో కలవకూడదు. నల్లదాన్ని ఆనుకుని జానెడు మంచిది కూడా పారేయమని డాక్టరు ఫోన్లో చెప్పాడు. బూజు పట్టింది పశువు కడుపులోకి పోతే ప్రాణానికే ముప్పు. నేను, గంగామణి తట్టలు మోశాం. గుంతలోకి దిగింది మాత్రం రాజవ్వ. వద్దంటే వినలేదు. చీర ఎగదోపి, ఆ కంపులో మోకాళ్ల మీద కూచుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు చేత్తో ఏరింది. మధ్యాహ్నం అన్నానికి కూడా పైకి రాలేదు. అత్తకు పడ్డలంటే పానం అని గంగామణి నాకు వినపడేటట్టు అంది. రాజవ్వ తల ఎత్తలేదు.

మూడో వంతు పోయింది. మిగిలింది మళ్లీ మూసి, తెరిచిన ముఖానికి పట్టా బిగించి బరువులు పెట్టాం. ఎట్లా కొలిచినా వానలకు ఒక నెల ముందే అయిపోతుంది.

మర్నాడు పొద్దున వరిగడ్డిలో కొంచెం కలిపి పడ్డల ముందు పెట్టాం. లచ్చి మూతి పెట్టి, బుస్సున చీది, మొహం తిప్పుకుంది. చుక్క వాసన చూసి అట్లాగే నిలబడింది. ముగ్గురు ఆడవాళ్లం గోడకు ఆనుకుని చూస్తున్నాం. తిను తల్లీ అని నేను లోపల మొక్కుకుంటున్నాను. నా పశువులు కూడా కావు అవి. రాజవ్వ ముందుకు పోయి గుప్పెడు అరచేతిలో పెట్టి చాచింది. చుక్క ముందు చెయ్యి నాకింది, తర్వాత చేతిలోది నాకింది, తర్వాత గంపలోకి మూతి దించింది. అది నమలడం చూసి లచ్చి కూడా గంపలో తల దూర్చి, దాన్ని పక్కకు నెట్టింది. గంగామణి నా చేతికి మొహం ఆనించి వెక్కింది.

భూమన్నకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది, పందికొక్కుతో సహా. బాగానే ఉంది గానీ చివరి నెల సంగతేంటని అడిగాడాయన. బేరగాడు మళ్లీ ఫోన్ చేశాడట. గంగామణి నోరు తెరిచేలోపే రాజవ్వ వెనకనుంచి అందుకుంది. "పొద్దు వాలినంక నేను కాలువ గట్టుకు మేపుకపోత, గాడ ఎండుగడ్డన్న దొరుకుతది. పాతర సగమే పెట్టున్రి. మోకాళ్లకు నడక మంచిదని డాక్టర్ చెప్పిండు."

ఏ డాక్టరూ చెప్పలేదు. గుడి దాకా నడవమంటేనే మోకాళ్లు పట్టుకునే మనిషి. భూమన్నకూ ఆ సంగతి తెలుసు కాబోలు, నవ్వాడు. సరె, ఉండనియ్ అన్నాడు. ఆ రెండు మాటలకు పడ్డలు ఇంట్లో నిలబడ్డాయి. ఆ రోజు గంగామణి రెండు పూటలూ కడుపు నిండా తింది.

తిరుగుదారి

ఐదో రోజు సాయంత్రం బయల్దేరాను. గంగామణికి బర్రె పాలు పిండే వేళ, అందుకని వాకిట్లోనే కౌగిలించుకుని పంపింది. రోడ్డు దాకా రాజవ్వ తోడు వచ్చింది. కాలువకు దారి అదే. ముందు చుక్క, లచ్చి, వెనక మేమిద్దరం. ఆమె ప్రతి పది అడుగులకూ ఆగి మోకాలు రుద్దుకుంటోంది. నేను నా సంచులు మోసుకుంటూ ఆమె నడకకు తగ్గట్టు నడిచాను.

రోడ్డు దగ్గరపడ్డాక అడిగింది, ఆ పందికొక్కు బొక్కను నువ్వు కూడా చూశావా అని.

చూశానవ్వా, ఇంత లావు బొక్క అని చేత్తో చూపించాను.

ఆమె నా చేతి వైపు చూసి చిన్నగా నవ్వింది. "నువ్వు గూడ నేర్చినవా బిడ్డా," అంది. ఆమె లచ్చి వీపు మీద చెయ్యి వేసి, దానితో చెబుతున్నట్టే చెప్పింది. "గా బొంగు నేనే వెట్టిన. చొప్ప తీసినంక చూస్తె లేదు. మల్ల కట్టల కింద కనవడ్డది. గంగామణి దాచింది."

అవ్వా, అది నీ కోసమే అని నేనేదో అనబోయాను. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"నాకు ఎరుకయినట్టు దానికి చెప్పకు. అత్తను కాపాడిన అనుకుంటున్నది పిల్ల. గా సంబురం దానికి ఉండనియ్యి."

బస్సు వచ్చింది. ఆమె కాళ్లకు దండం పెట్టబోతే, నడిరోడ్డు మీద ఏంది బిడ్డా అని లేపి ఎక్కించింది. కిటికీలోంచి చూస్తే ఆమె అప్పటికే కాలువ వైపు మళ్లింది. పడ్డలు రెండూ ఆమె కోసం ఆగి ఆగి నడుస్తున్నాయి. నాకు ఏడుపు ఆగలేదు. పక్కన కూచున్నామె ఎవరైనా పోయారా అని అడిగింది. లేదమ్మా, అందరూ ఉన్నారు అన్నాను.

ఆర్మూరు దాటకముందే ఫోన్ మోగింది. గంగామణి. వెనక పాలు చెంబులో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"దారిల అత్త ఏమన్న అడిగిందా అక్కా? అనుమానమేం రాలేదు గదా?"

"లేదమ్మా," అన్నాను. "పందికొక్కే అనుకుంటోంది."